బండ దగ్గర తాంబూలం

వాళ్ళు కారులో వచ్చారు. నేను బస్సులో పోయాను.

కారు నా తమ్ముడు గురుమూర్తిది. అందులో వాడు, వాడి భార్య మమత, నా కూతురు సహన. వాళ్ళ పిల్లల్ని మమత పుట్టింట్లో వదిలారు. ఇంకొకరికి చోటు ఉందని సహన ముందు రోజంతా చెబుతూనే ఉంది. నేను బెంగళూరు మెజెస్టిక్ బస్టాండుకు పోయి కుమటా బస్సు ఎక్కాను. తెల్లారి దిగేసరికి నడుము పట్టేసింది. అందుకు ఎవరినీ తప్పు పట్టను.

పోయింది సహన పెళ్ళి మాటలకి. అబ్బాయి హరీశ్. మహదేవపురలో సహన పని చేసే ఆఫీసులోనే పని. సొంత ఊరు కుమటా దాటాక సముద్రం ఒడ్డున ఒక చేపల రేవు. తండ్రి జట్టప్పకు మర పడవ ఉంది. తల్లి రేవులో చేపల వేలం పాట చూసుకుంటుంది. అబ్బాయి మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు చెప్పులు విడిచి, ఎవరి కాళ్ళకూ అడ్డం రాకుండా గోడ వారగా పెట్టాడు. లోపలికి వచ్చాక అడగందే కూర్చోలేదు. అంతకంటే నాకు తెలియాల్సింది ఏమీ లేదు. ఒప్పుకున్నాను.

అడ్డం పడింది అబ్బాయి కాదు. ధార.

మాది చింతామణి పక్క ఊరు. మా వైపు పెళ్ళిలో పిల్లను ధార పోసేది తల్లీ తండ్రీ కలిసి. పిల్ల చెయ్యీ పిల్లవాడి చెయ్యీ కలిపి, పైన టెంకాయ పెట్టి తండ్రి పట్టుకుంటాడు. తల్లి చెంబుతో పాలు పోస్తుంది. తల్లి పోయి ఉంటే తండ్రి ఒక్కడూ అక్కడ నిలబడటానికి లేదు. జంట లేని చెయ్యి ఆ పనికి రాదంటారు. ఆ తండ్రికి అన్నో తమ్ముడో ఉంటే వాళ్ళు భార్యతో వచ్చి నిలబడాలి. నాకు అన్న లేడు. ఉన్నది గురుమూర్తి.

చౌడమ్మ, అంటే నా భార్య, పోయినప్పటి నుంచి నేను గురుమూర్తితో మాట్లాడలేదు. బెంగళూరు బొమ్మనహళ్ళిలో మా ఇద్దరికీ ఇల్లు ఒకటే. కింద నేను, పైన వాళ్ళు. నీళ్ళ మోటారు వెయ్యాలన్నా, కరెంటు తీగ తెగిందని చెప్పాలన్నా సహన మెట్లు ఎక్కి దిగాలి. వాడు ఎదురైతే నేను గోడ చూస్తాను. మొదట్లో వాడు నిలబడి ఏదో అనబోయేవాడు. తర్వాత మానుకున్నాడు. మనుషులకు ఏదైనా అలవాటవుతుంది.

ధార చిన్నాయన, చిన్నమ్మ పోస్తే బాగుంటుందని సహన అంది. వద్దన్నాను. రిజిస్టర్ ఆఫీసులో చేసుకోమన్నాను. అక్కడ సాక్షి సంతకం ఎవరైనా పెట్టొచ్చు, పెళ్ళాం బతికి ఉందా అని అడగరు.

"సంతకం పెట్టి వచ్చేదానికి నేనేమన్నా లేచిపోతా ఉండానా నాయనా?" అంది.

ఆ మాట అక్కడే ఆగిపోయింది. కుమటాకు పోయింది ఆ తేలని మాటను వెంట పెట్టుకునే.

జట్టప్ప ఇల్లు రేవుకు ఆనుకునే ఉంది. గేటు దగ్గర వలలు కుప్ప పోసి ఉన్నాయి. గురుమూర్తి కారు దిగుతూనే జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. జట్టప్ప అది చూసి నవ్వి, బెంగళూరు వాళ్ళకు ఇది భోజనం దాకానే కంపు, భోజనం అయ్యాక వాసన అవుతుంది అని కన్నడంలో అన్నాడు. గురుమూర్తి సిగ్గుపడి రుమాలు లోపల పెట్టుకున్నాడు. వాడికి చిన్నప్పటి నుంచీ అంతే. ఎవరైనా ఒక మాట అంటే చాలు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

హరీశ్ తల్లి పెద్ద గొంతుతో మాట్లాడుతుంది. వేలం పాటలో అరిచి అరిచి అలా అయిందట. నా పేరు అడిగింది. మునిశామప్ప అన్నాను. ఏం పని అని అడిగింది. బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టర్‌నన్నాను. ఆమె నా చేతులు చూసి, ఇన్నేళ్ళు కత్తి పట్టీ వేళ్ళన్నీ ఉన్నాయే అంది. వాళ్ళ రేవులో ఐసు మిషను దగ్గర పని చేసేవాళ్ళకు ఉండవట. నాకు ఆమె నచ్చింది. అయ్యో పాపం, ఇల్లాలు లేదంట కదా అని మొదలుపెట్టనందుకు.

భోజనంలో ఎర్రటి పులుసు, ముళ్ళ చేప. సహనకు చేప తినడం రాదు. మమత తన విస్తరిలో ముళ్ళు తీసి, ముక్కలు సహన విస్తరిలోకి వేస్తూ ఉంది. ఇరవై ఆరేళ్ళ పిల్లకు. ఇద్దరూ మాటలు ఆపకుండానే ఆ పని జరిగిపోతూ ఉంది. నేను నా ముళ్ళు నేను తీసుకుని తిన్నాను.

భోజనాలయ్యాక జట్టప్ప చెప్పాడు. వాళ్ళ ఇంట్లో పెళ్ళి తాంబూలం ఇంట్లో ఇవ్వరట. రేవు పక్కన గుట్ట మీద ఒక బండ ఉంది, అక్కడ ఇస్తారట. వాళ్ళ తాత కాలం నుంచీ అంతేనట. ఎండ తగ్గాక పోదామన్నాడు.

సహన నన్ను పెరట్లోకి పిలిచింది. తాంబూలం ఎవరు అందుకుంటే ధార పోసేది వాళ్ళే. అది మా వైపూ అంతే, వాళ్ళ వైపూ అంతేనట. హరీశ్‌ను అడిగి తెలుసుకుంది.

"ఆడికి పోయేలోపల చెప్పు నాయనా. అంతమంది ముందర నన్ను నిలబెట్టొద్దు" అంది.

పెద్ద దూరమేమీ కాదు. మా ఇంటి నుంచి హోసూరు రోడ్డు సిగ్నలు దాకా ఎంతో అంత. కాని ఎక్కాలి. ఐసు ఫ్యాక్టరీ వెనక నుంచి ఎర్రరాయిలో చెక్కిన మెట్లు. మెట్లు అయ్యాక కాలిబాట, ఒక్క మనిషి పట్టేంత. కుడివైపు జీడిమామిడి పొదలు. ఎడమవైపు గుట్ట అంచు, దాని కింద సముద్రం. కంచె లేదు. రేవులో పడవలు ఒకదానికొకటి కట్టి ఉన్నాయి. పైనుంచి చూస్తే మనుషులు నీలం డబ్బాల్లో ఐసు పోస్తూ కనిపించారు. పార చప్పుడు చాలా దూరం వినిపించింది.

అందరికంటే ముందు జట్టప్ప. అతని వెనక అతని భార్య, చేతిలో తాంబూలం పళ్ళెం, పైన గుడ్డ కప్పి. తర్వాత గురుమూర్తి, మమత. మమత చెప్పులు జారుతుంటే హరీశ్ ఆమె వెనకే నడిచాడు. చివర నేను. సహన నా కోసం ఆగి ఆగి నడుస్తూ ఉంది.

సగం ఎక్కాక అంది. "ఏమీ చెప్పలే."

"నీకు చెప్పిందే."

"అమ్మ ఉంటే..."

"ఉంటే ఈ మాటే లేదు."

తర్వాత నా వైపు తిరక్కుండానే మాట్లాడింది. అమ్మ పోయినాక నేను గోడకు ఆనుకుని కూర్చున్నానట. ఎన్ని నెలలో నాకు తెలియదట, తనకు తెలుసునట. ఆ నెలలన్నీ పొద్దున టిఫినూ రాత్రి అన్నమూ పైనుంచి వచ్చాయట. నేను తిన్నదీ అదేనట. ఎవరు వండారని నేను ఏ రోజూ అడగలేదట.

"నేను తెమ్మనలే" అన్నాను.

"తినొద్దని కూడా అనలే కదా."

నేను నడిచాను.

"చిన్నాయన చేసింది తప్పే. నేను కాదంటా ఉండానా? నేనూ ఆ ఇంట్లోనే ఉంటిని, నేనూ చూసినా. కానీ నా పెండ్లి పందిరి నీకు పంచాయితీ కట్ట కాదు నాయనా."

ఆ మాట అని గబగబా ముందుకు పోయింది. హరీశ్ వెనక్కి తిరిగి ఆమె ముఖం చూసి, పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

చెట్లు అయిపోయాయి. గుట్ట పైభాగం చదునుగా, ఎండు గడ్డితో ఉంది. అక్కడ గాలి తగిలింది. నా చొక్కా వీపు వైపు ఉబ్బింది. పంచె కాళ్ళకు చుట్టుకుంది. ఊపిరి పీల్చకపోయినా అదే లోపలికి వస్తోంది. అంత గాలి ఎవరికీ అక్కర లేకుండా వృథాగా పోతోంది.

చౌడమ్మకు కరోనా వచ్చింది రెండో సారి అందరికీ వచ్చినప్పుడు. మా కింది గదికి ఒకటే కిటికీ. అది పక్కింటి గోడ వైపుకే తెరుచుకుంటుంది. ఆస్పత్రుల్లో మంచాలు లేవు, రేపు ఉంటుందేమో రమ్మన్నారు. ఆమెకు ఆయాసం ఎక్కువైంది. మిద్దె మీదికి తీసుకుపో, అక్కడ గాలి ఆడతాది అంది. ఆమె చేతిని మెడ చుట్టూ వేసుకుని ఎక్కించాను. మధ్యలో ఆగి ఆగి. మిద్దె తలుపుకు బీగం వేసి ఉంది. తాళం చెవి గురుమూర్తి దగ్గర. వాళ్ళ ఇంటి తలుపు కొట్టాను. వాడు తెరవలేదు. లోపలి నుంచే, "అన్నా, పిల్లోళ్ళు ఉండారు, మీరు కిందికి పోండి" అన్నాడు. మళ్ళీ కొట్టాను. ఆ తర్వాత లోపల టీవీ చప్పుడు పెరిగింది.

చౌడమ్మ మెట్ల మీద కూర్చుంది. పోదాం పద అంది. మరుసటి రోజు ఆస్పత్రిలో మంచం దొరికింది. దొరికిన రోజే పోయింది.

మిద్దె మీద పడుకోబెట్టినా ఆమె బతికేది కాదని తర్వాత ఒక డాక్టరు చెప్పాడు. నేను ఆయన్ను ఆ సంగతి అడగలేదు.

అందరూ బండ దగ్గర ఆగారు. పెద్ద బండేమీ కాదు. నల్లగా, చదునుగా, అంచు దాకా జరిగి ఉంది. దాని మీద ఎవరో కుంకుమ పెట్టారు. జట్టప్ప చెప్పుకుంటూ పోయాడు. వానాకాలం అయ్యాక మొదటిసారి పడవలు పోయినప్పుడు ఆడవాళ్ళు ఇక్కడికి వచ్చి చూస్తారట. వాళ్ళ అమ్మ ఈ బండ మీద రెండు పగళ్ళు కూర్చుందట, వాళ్ళ నాయన తిరిగొచ్చేదాకా. ఇప్పుడు ఫోన్లు వచ్చాయి, ఆడవాళ్ళు ఇంట్లోనే ఉంటారు, అయినా ఇచ్చే మాట మాత్రం ఇక్కడే. ఇంట్లో ఇచ్చిన మాట పొద్దునకు మారుతుంది, ఇక్కడ ఇచ్చింది మారదు అన్నాడు. మారిస్తే ఏమవుతుందని గురుమూర్తి అడిగాడు. ఏమో, ఎవరూ మార్చి చూడలేదు అని జట్టప్ప నవ్వాడు.

హరీశ్ తల్లి పళ్ళెం మీది గుడ్డ తీసింది. తీయగానే తమలపాకులు లేచాయి. మమత అరచెయ్యి అడ్డం పెట్టినా ఒకటి ఎగిరి అంచు దాటి పోయింది. మమత ముఖం మాడింది. హరీశ్ తల్లి టెంకాయను ఆకుల మీదికి జరిపి, పోనీ, సముద్రానికి దాని వంతు అది తీసుకుంది అంది.

తర్వాత ఆమె పళ్ళెం పట్టుకుని గురుమూర్తి, మమతల వైపు తిరిగింది.

ఆమె తప్పు లేదు. ఆమెకు అన్నీ తెలుసు. పిల్లకు తల్లి లేదనీ, తండ్రి ఒంటి మనిషి అనీ హరీశ్ చెప్పి ఉన్నాడు. జంటగా ఉన్నది వాళ్ళు. ఎవరికి ఇవ్వాలో ఆమె ఎవరినీ అడగలేదు. అడిగితే నాకు బాధ అవుతుందనుకుని ఉంటుంది. బీగం సంగతి మాత్రం హరీశ్ చెప్పలేదు. సహన చెప్పి ఉండదు.

మమత అలవాటు కొద్దీ కొంగు పట్టింది. పట్టి, నన్ను చూసి, వదిలేసింది. గురుమూర్తి రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"మా అన్న ఉండాడు. అన్నను అడగండమ్మా" అన్నాడు.

అందరూ నా వైపు తిరిగారు. సహన తిరగలేదు. కింద గడ్డిని చూస్తోంది.

హరీశ్ తల్లికి అర్థం కాలేదు. పెద్దవారు వారే, కాదనను, కాని దీనికి జంట కావాలి కదా, మీ వైపూ అంతే కదా అంది. జట్టప్ప గొంతు సవరించుకున్నాడు. హరీశ్ సహన దగ్గరికి ఒక అడుగు వేసి ఆగాడు.

నా నోట్లో ఒకటే మాట ఉంది. వీడు నా పెళ్ళానికి గాలి లేకుండా బీగం వేసినాడు. అంతే. కన్నడంలో ఇంకా పొట్టిగా వస్తుంది. జట్టప్ప గాలిని నమ్ముకుని బతికేవాడు, అతనికి వివరం చెప్పనక్కర లేదు. ఆ మాట పడితే ఈ పళ్ళెం గురుమూర్తి చేతికి పోదు. ఎన్నడూ పోదు. ఇన్నేళ్ళూ నేను దాన్ని ఎవరికీ చెప్పలేదు. మా ఊళ్ళో చెప్పలేదు, ఫ్యాక్టరీలో చెప్పలేదు. చెప్పవలసిన చోటు ఒకటి వస్తుందని ఉంచుకున్నాను. ఇదే ఆ చోటు. ఇంతకంటే మంచి చోటు రాదు.

హరీశ్ తల్లి పళ్ళేన్ని నడుముకు ఆనించుకుంది. పళ్ళెంలో టెంకాయ, అరటి అత్తం, చీర, బరువు ఎక్కువే. ఆమె దాన్ని కింద పెట్టలేదు. పెట్టకూడదనుకుంటాను. సహన మెడ వంచి అలాగే ఉంది. భోజనం దగ్గర మమత తీసిన చేప ముక్కలు తిన్నది ఈ పిల్లే. ఆ రోజు మెట్ల కింద నిలబడి పైకి చూస్తూ ఉన్నదీ ఈ పిల్లే. నాకంటే తక్కువ ఏమీ చూడలేదు.

"తీసుకో" అన్నాను.

గాలికి వాడికి వినపడలేదో, విన్నది నమ్మలేదో. కదల్లేదు.

"బావ తీసుకోమంటా ఉండాడు" అంది మమత.

గురుమూర్తి చేతులు ముందుకు వచ్చాయి. పళ్ళెం అందుకున్నాడు. మమత కింద కొంగు పట్టింది. జట్టప్ప ఏదో దేవుడి పేరు చెప్పి బండ మీద టెంకాయ కొట్టాడు. గురుమూర్తి ఏడవడం మొదలుపెట్టాడు. నోరు మూసుకుని, భుజాలు ఎగరేస్తూ, మా నాయన పోయినప్పుడు ఏడ్చినట్టే. జట్టప్ప దాన్ని సంతోషం అనుకుని వాడి వీపు తట్టాడు. పిల్లను ఇచ్చేటప్పుడు అందరికీ అంతే అన్నాడు.

ఆ ఏడుపు చూస్తే నాకు ఏమైనా అవుతుందేమోనని ఆగాను. ఏమీ కాలేదు.

సహన వచ్చి నా చెయ్యి పట్టుకుంది. కాసేపు పట్టుకుని, హరీశ్ తల్లి పిలిస్తే చీర కప్పించుకోవడానికి పోయింది.

దిగేటప్పుడు వాళ్ళంతా ముందు పోయారు. ఫోటోలు తీసుకుంటూ, నవ్వుకుంటూ. పళ్ళెం మమత చేతికి మారింది. నేను వెనక దిగాను. ఒక చోట వానకు బాట కోసుకుపోయి, మనిషి నడుమంత ఎత్తు నుంచి దిగాలి. ఎక్కేటప్పుడు హరీశ్ పైనుంచి లాగాడు. ఇప్పుడు కింద గురుమూర్తి నిలబడి ఉన్నాడు. ఒక్కడే. నా కోసం ఆగాడు.

"అన్నా, ఆ పొద్దు..." అని మొదలుపెట్టాడు.

"ధార నువ్వు పొయ్యి. అది పాప కోసం" అన్నాను. "నీకూ నాకూ మధ్య ఏమీ మారలే."

వాడు తల ఊపాడు. కళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి. "మమత తెరుస్తా అనిందన్నా. నేనే పోనియ్యలే. అది ఒకటి నీకు తెలియాల."

ఇన్నేళ్ళూ నేను ఆమెతోనూ మాట్లాడలేదు. దాని గురించి అక్కడ నిలబడి ఆలోచించే ఓపిక నాకు లేదు.

"తెలిసింది. పో" అన్నాను.

పోలేదు. చెయ్యి పైకి చాపాడు. "పట్టుకోన్నా, జారతాది. రాళ్ళుండాయి."

మా నాయన చెయ్యి లాంటి చెయ్యి. పొట్టి వేళ్ళు. వాడు దాన్ని దించలేదు, నేను దాన్ని అందుకోలేదు. ఎడమవైపు కింద నీళ్ళు రాళ్ళకు కొట్టుకుంటున్నాయి. నేను పంచె ఎగదోపి, నేల మీద కూర్చుని, రెండు చేతులూ మట్టిలో ఆనించి జారుకుంటూ దిగాను. అరచెయ్యి ఒక చోట గీరుకుంది. వాడు పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు. నేను ముందు నడిచాను. నా వెనక వాడి అడుగుల చప్పుడు కాస్త దూరంగా, రేవు దాకా వచ్చింది.

ఐసు ఫ్యాక్టరీ దగ్గర సహన నన్ను చూసి, తల నిండా కొత్త చీర కొంగుతో పరుగున వచ్చింది.

"పడినావా నాయనా?"

"లేదు. కూచుని దిగినా."

"చిన్నాయన ఆడనే ఉన్నాడు కదా. చెయ్యి ఇయ్యలేదా?"

"ఇచ్చినాడు."

ఆమె నా వెనక్కి చూసింది. గురుమూర్తి రేవు గోడ దగ్గర ఆగి, సముద్రం వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. ఆమె నన్ను వెనక్కి తిప్పి, పంచెకు అంటిన ఎర్రమట్టిని అరచేత్తో దులపడం మొదలుపెట్టింది. చాలాసేపు దులిపింది. ఆ మట్టి అంత సులభంగా పోయేది కాదు. చాలు అన్నాను. ఉండు అంది.